బిడ్డను బయటికి తెచ్చే చెయ్యి

"మాకు లేని చట్టం నీకేడికెళ్లి వస్తది?" అన్నాడు ఇమ్మానుయేల్, పళ్ళెంలో అన్నం కలుపుకుంటూ.

శైలజ వంటగది గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పొద్దుటి కూర ఆయన పళ్ళెంలో ఉంది, సాయంత్రం కూర ఆమె ఒళ్ళో ఉంది. ఈ రెంటి మధ్యలో స్టేషన్ ఘన్‌పూర్ నుంచి జనగామకు రైలు, ప్రైవేటు దవాఖానలో రోజంతా నిలబడి చేసే నర్సు డ్యూటీ, మళ్ళీ రైలు, ఇంటికి రాగానే "వచ్చినవా, జర చాయ్ పెట్టు" అనే అత్తగారి పలకరింపు. ఉద్యోగం చేసే కోడలు దొరకడం దేవుడి దయ అని యాదమ్మ చర్చిలో అందరికీ చెప్పుకుంటుంది. నిజమే మరి, ఒకే మనిషి రెండు ఉద్యోగాలు చేస్తుంటే దయ కాక ఏమిటి.

కేసు పెడితే ఎట్లా ఉంటుందని శైలజ అడిగిన దానికి ఆయన ఇచ్చిన జవాబు అది. మాటలో కోపం లేదు. ఇమ్మానుయేల్ మంచివాడు. తాగడు, చెయ్యెత్తడు. కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది, ఎంత మొండి మోటారునైనా విసుక్కోకుండా విప్పి చూస్తాడు. భార్య మాటను మాత్రం సగం విని జవాబు చెప్పేస్తాడు. మంచి మగవాళ్ళలో చాలామందికి ఉండే జబ్బే ఇది, దానికి మందు ఏమిటో శైలజ చదివిన నర్సింగులో చెప్పలేదు.

"అన్న కేసు ఏమైందో నీకు ఎర్కలేదా?" అన్నాడు మళ్ళీ.

ఆమెకు ఎరుకే. బావగారు జాన్ భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. అక్కడి పెద్ద మేస్త్రీ ఒకరోజు కూలీలందరి ముందూ ఆయన్ని మాదిగ కులం పేరు పెట్టి తిట్టాడు. జాన్ ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టాడు. కోర్టులో అవతలి వకీలు లేచి, ఈయన చర్చి పెద్ద, ఆదివారం ఆదివారం వాక్యం చెబుతాడు, ఇంకా ఎస్సీ ఎట్లా అవుతాడని అడిగాడు. కేసు నిలబడలేదు. తిట్టినవాడికి జాన్ కులం బాగా గుర్తుంది, చట్టానికి మాత్రం జాన్ మతం గుర్తొచ్చింది. అప్పటినుంచి ఈ ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. చర్చికి పోయేవాళ్ళకు ఆ చట్టం లేదు.

"నువ్వు మా ఇంట్లకొస్తివి, మా చర్చికొస్తివి, ఇగ నువ్వూ మేమూ ఒకటే గద బిడ్డా," అంది యాదమ్మ, కొడుకు గ్లాసులో నీళ్ళు పోస్తూ. "పెండ్లయినంక ఇంటిపేరే మారిపాయె. కులం ఎందుకు మారది?"

శైలజ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. తనూ అట్లాగే అనుకుంటూ వచ్చింది. గంగారం అవతల కోయగూడెంలో, ఈసం ఇంటిపేరు వాళ్ళింట పుట్టింది తను. వరంగల్లో నర్సింగ్ చదివే రోజుల్లో హాస్టలు మోటారు బాగుచేయడానికి వచ్చిన ఇమ్మానుయేల్ మీద మనసుపడింది. మోటారు ఆ రోజే బాగైనా ఆయన మళ్ళీ మళ్ళీ వచ్చాడు. పెళ్ళిలో ముందు ఇంటిపేరు పోయింది. తర్వాత దేవుడు మారాడు. ఆ పైన తిండి. తల్లి పంపిన అడవి దుంపలు ఉడకబెడితే "గదేం వాసనే తల్లీ" అని యాదమ్మ ముక్కు మూసుకుంది, ఆ తర్వాత శైలజ మళ్ళీ ఉడకబెట్టలేదు. చివరికి భాష. ఫోన్లో తల్లితో కోయలో మాట్లాడుతుంటే "మమ్ముల్నేమన్న తిట్టుకుంటున్నరా" అని ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు, ఆమె కూడా నవ్వి ఫోను పట్టుకుని పెరట్లోకి పోయేది. ఎవరూ లాక్కోలేదు. సంతోషంగా ఉన్న రోజులు కాబట్టి అన్నీ తనే తన చేతులతో ఇచ్చేసింది. పెళ్ళంటే ఇదేనని అనుకుంది, చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ తలా కొంత ఇచ్చేసినవాళ్ళే కాబట్టి వింతగా కూడా అనిపించలేదు.

దవాఖానలో అందరికీ ఆమె క్రిస్టియన్ సిస్టరే. అది కాన్పుల దవాఖాన. కట్టించింది భూపాల్ అనే పెద్ద ఆసామి, ఊళ్ళో భూములూ రాజకీయమూ ఉన్నవాడు. నడిపేది ఆయన భార్య పుష్ప. డాక్టర్లు కూడా ఆమెను అడగకుండా సెలవు పెట్టరు. అక్కడ ఒక పద్ధతి ఉంది. బిడ్డ పుట్టగానే తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, ఒక సిస్టరు కాన్పు గది తలుపు తీసుకుని బయటికి వస్తుంది. తల్లి పేరు పిలిచి, ఎవరు పుట్టారో చెప్పి, బిడ్డను అమ్మమ్మ చేతిలోనో నానమ్మ చేతిలోనో పెడుతుంది. వాళ్ళు ఆ సిస్టరు నోట్లో మిఠాయి పెడతారు, ఉన్నవాళ్ళయితే జాకెట్టు గుడ్డ కూడా పెడతారు. ఆ గుడ్డల మీద శైలజకు ఆశ లేదు. బిడ్డను చూసిన క్షణంలో ఆ ముసలి ముఖాలు మారడం చూడాలని మాత్రం ఆమెకు ఎప్పుడూ ఆశే. లోపల నెత్తురూ కేకలూ అన్నీ భరించినందుకు తనకు దక్కే అసలు జీతం అదేనని అనుకునేది. అది ఆమె పనే అయిపోయింది కూడా. "శైలజ చెయ్యి చల్లని చెయ్యి" అని ఆయాలు అనేవాళ్ళు.

ఎండాకాలంలో ఆమె తల్లి భూదేవి తునికి పళ్ళు మూటగట్టుకుని కూతురిని చూడటానికి దవాఖానకే వచ్చేసింది. వరండాలో తల్లిని చూడగానే శైలజ ఒళ్ళు మరిచిపోయి కోయలో గలగలా మాట్లాడింది. పెరట్లోకి పోవాలని గుర్తే రాలేదు. చాలా ఏళ్ళకు నోరు తిరిగినట్టు హాయిగా ఉంది. పుష్ప తన గది తలుపు దగ్గర నిలబడి చూసింది. తల్లి వెళ్ళిపోయాక పిలిచి, "నువ్వు కోయోళ్ళ పిల్లవా? ఒక్కనాడు జెప్పకపోతివి" అంది. నవ్వుతూనే అంది. మర్నాటినుంచి కాన్పు గదిలో పనంతా శైలజదే, బిడ్డను బయటికి తేవడం మాత్రం శ్రీలతది. శ్రీలత తోటి సిస్టరు, మొన్న మొన్న చేరిన పిల్ల. "వచ్చేటోళ్ళకు పట్టింపులుంటయి" అని పుష్ప ఒక్క ముక్కలో తేల్చేసింది. ఇంట్లో చెబితే ఇమ్మానుయేల్, "మీ అమ్మను దవాఖానకు రావద్దని చెప్పరాదు" అన్నాడు. ఆ రాత్రి శైలజకు భర్త మీద వచ్చినంత కోపం పుష్ప మీద కూడా రాలేదు.

పోయిన వారం పుష్ప కూతురు శ్రేయ కాన్పు. పొద్దంతా నొప్పులు పడింది పాపం. పెద్ద డాక్టరమ్మ వస్తూ పోతూ ఉంది కానీ, శ్రేయ పట్టుకున్నది శైలజ చేతినే. గోళ్ళు దిగిపోయేటట్టు పట్టుకుంది. కొడుకు పుట్టాడు. శ్రీలత అలవాటుగా ముందుకు వస్తే, శ్రేయ తల అడ్డంగా ఊపి, "అక్కా, నువ్వే తీస్కపో. నువ్వే మా అమ్మ చేతుల పెట్టు" అంది. శైలజ బిడ్డను చుట్టుకుని తలుపు తీసుకుని బయటికి వచ్చింది. వరండా నిండా జనం. చుట్టాలు, ఆయాలు, వేరే పేషెంట్ల తాలూకు మనుషులు. శ్రేయ పేరు పిలిచింది, మగపిల్లవాడని చెప్పింది.

"ఎవలియ్యమన్నరు నీ చేతికి?" అని అరిచింది పుష్ప. "గా కోయదాని చేతుల మీదికెళ్లి నా మనుమడు బయటికి రావాల్నా? శ్రీలతా, ఏం జేస్తున్నవ్, బిడ్డను తీస్కో. అడివిలకెళ్లి వచ్చినదాన్ని లోపటికి రానిస్తే నెత్తికెక్కి కూసున్నది."

వరండాలో అందరి తలలూ ఇటు తిరిగాయి. శైలజ చేతుల్లో బిడ్డ ఉన్నాడు. మెడ కింద చెయ్యి వేసి జాగ్రత్తగా శ్రీలతకు అందించింది. అప్పుడు తలెత్తి చూస్తే గోడ పక్కన ఇమ్మానుయేల్ కనబడ్డాడు. రాగి తీగ కొనడానికి జనగామ వచ్చి, వాన పడుతోందని ఆమెను బండి మీద తీసుకుపోదామని వచ్చాడట. ఆమె కళ్ళు తన మీద పడగానే ఆయన ఫోను తీసి అందులోకి తల వంచుకున్నాడు. బండి మీద ఇంటికి వచ్చేటప్పుడు ఘన్‌పూర్ దాకా ఆయన అన్నది ఒక్కటే మాట. వాన తగ్గింది అని.

మర్నాడు ఆమెను కాన్పు గదినుంచే తీసేశారు. బట్టల గదిలో వేశారు. సర్కారు పరీక్ష పాసైన నర్సు, ఇప్పుడు దుప్పట్లు మడతపెడుతోంది.

ఇదీ సంగతి. ఇందుకే ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ కేసు మాట ఎత్తింది. ఇంటిల్లిపాదీ ప్రేమగానే ఆమె నోరు మూయించారు.

ఆ మధ్యాహ్నం డ్యూటీ నడుమ అన్నం మానుకుని శైలజ జనగామ కోర్టు దగ్గరికి వెళ్ళింది. ఆడవాళ్ళకు ఊరికే సలహా చెప్పే వకీళ్ళు కూర్చునే గది ఒకటి అక్కడ ఉందని ఎవరో పేషెంటు అనగా ఎప్పుడో విన్నది. లోపల కళావతి అనే వకీలమ్మ టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చుంది. "తింటనే వింట, చెప్పు చెల్లే" అంది.

"నాకు చట్టం లేదని తెలుసు మేడం. ఊకెనే అడుగుదామని వచ్చిన," అని మొదలుపెట్టింది శైలజ. చెబుతున్నంతసేపూ వకీలమ్మ ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

"లేదని ఎవరు చెప్పిండ్రు?"

"మా ఇంట్ల. చర్చికి పోతం గద మేడం. మా బావ కేసు గట్లనే పోయింది."

"మీ బావ సంగతి వేరు. క్రైస్తవం తీసుకుంటే ఎస్సీలకు ఆ రక్షణ పోతది. అది న్యాయం కాదని ఎన్నేండ్లనుంచో కొట్లాట నడుస్తనే ఉన్నది. గిరిజనులకు గట్ల లేదు. ఏ దేవున్ని మొక్కినా గిరిజనులు గిరిజనులే. పెండ్లంటవా, కులం పుట్టుకతోని వస్తది. తాళితోని రాదు, తాళితోని పోదు. నువ్వు పుట్టింది కోయోళ్ళకే గద?"

శైలజ తలూపింది.

"అవతలి వకీలు మాత్రం ఊకోడు. నీకూ నీ వాళ్ళకూ సంబంధం తెగిపోయిందంటడు. మరి మీ గూడెం నిన్ను తన మనిషి అనుకుంటదా?"

కొత్త పంట ఇంటికి వచ్చినప్పుడు చేసే కొత్తల పండుగకు శైలజ వెళ్ళి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఆమె వాటా గింజలు పక్కన పెట్టనిదే ఆ ఇంట్లో ఎవరూ కొత్త ముద్ద ముట్టరు. తల్లి ప్రతి ఏడూ ఫోను చేసి, నీది పెట్టినం అని చెబుతుంది. ఆ మాట వకీలమ్మకు చెబుతుంటే శైలజకు ఏడుపు వచ్చేసింది. వరండాలో రాని ఏడుపు ఇక్కడ వచ్చింది. తను ఇచ్చేశాననుకున్నవన్నీ ఇచ్చేసినా, ఒకటి మాత్రం ఇవ్వడానికి తన చేతిలో లేదన్నమాట. ఎవరి ఇంట్లో కాలుపెట్టినా అది ఊడిపోదన్నమాట. పెళ్ళి తుడిచేయలేనిది ఆడమనిషికి ఒకటైనా ఉంటుందని ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"పదిమందిల కులం పేరు పెట్టి తిట్టుడు నేరం," అంది కళావతి, ఆమె స్థిమితపడ్డాక. "కులం చూసి నీ పని నిన్ను చేసుకోనియ్యకపోవుడు గూడ నేరమే, అది మరిచిపోకుండ చెప్పు. పోలీసులు ముందు విచారణ చేస్తమని తిప్పద్దు, వెంటనే రాసుకోవాలె. అయితే విన్నోళ్ళు నోరు విప్పాలె. ఎవరెవరున్నరు?"

శ్రీలత పేరు చెప్పింది, ఆయాల పేర్లు చెప్పింది. ఇంకొక పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

సాయంత్రం బట్టల గదిలో శ్రీలతను అడిగింది. శ్రీలత దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ నిలబడింది. "విన్న అక్కా. అబద్ధం ఎందుకు. కానీ నేనొక్కదాన్నే చెప్పాల్నంటే నాకు భయమైతది." తల ఎత్తకుండానే అంది. "మీ ఆయన గూడ ఉండె గద అక్కా. మొదలు ఆయనతోని చెప్పియ్యి. ఆయన చెప్తే నేను గూడ చెప్త."

సొంత మొగుడే నోరెత్తని దానికి పరాయి పిల్ల ఎందుకు ఎత్తాలి? రైలు కదిలి ఘన్‌పూర్ వచ్చేదాకా ఆమె అదే ఆలోచించింది. దిగి, ఇంటికి పోయి, చాయ్ పెట్టింది.

గోడలకు చెవులుండే దవాఖాన అది. రెండు రోజులు తిరగకముందే పుష్పకు సంగతి తెలిసిపోయింది. పుష్ప శైలజను పిలవలేదు. ఇమ్మానుయేల్‌కు ఫోను చేయించింది. ఆడమనిషితో తగువు వస్తే మాట్లాడాల్సింది ఆమె మొగుడితోనని పుష్పకు కూడా అనిపించింది మరి. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆయన జనగామ వచ్చాడు. పుష్ప గదిలో ఆయనకు కుర్చీ వేశారు. శైలజ డ్యూటీ బట్టల్లో పక్కన నిలబడింది.

"ఏదో కోపంల వచ్చిన మాట, దాన్ని పట్టుకుంటే ఎట్ల తమ్మీ?" అంది పుష్ప. "చర్చికి పోయేటోళ్ళకు గా కేసులుండయని మా వకీలు గూడ చెప్పిండు. అయినా మనకెందుకు లొల్లి. రేపటికెళ్లి మళ్ళ కాన్పు గదిలనే చేసుకోమను. బిడ్డను మాత్రం శ్రీలతనే తెస్తది. వచ్చేటోళ్ళ పట్టింపు, నేనేం జేస్త."

"సరే మేడం. మా ఆమెకు నేను చెప్త," అన్నాడు ఇమ్మానుయేల్.

తను అక్కడే నిలబడి ఉంది. తన గురించే మాట్లాడుతున్నారు. తనకు తర్వాత చెబుతాడట. శైలజకు ఒక్కసారిగా నవ్వు వచ్చినంత పనైంది, ఆ నవ్వుతోపాటే భయం కూడా ఎటో పోయింది.

"మేడం, ఆ రోజు మీరన్నది తప్పేనని అంటరా?" అని అడిగింది.

"తప్పేమున్నది? ఉన్న మాటనే గద అన్న. నువ్వు కోయదానివి కాదా?"

"అవును మేడం. కోయదాన్నే. మీకు గుర్తున్నది. మా ఇంట్లనే మరిచిపోయిండ్రు."

నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. ఇమ్మానుయేల్ వెనకే మెట్లు దిగి వచ్చాడు. బండి దగ్గర ఆమెను ఆపాడు. వకీలమ్మ చెప్పిందంతా అప్పుడు ఆయనకు నెమ్మదిగా చెప్పింది. ఆయన మొదటిసారి చివరిదాకా విన్నాడు. విని, కోపగించుకోలేదు. ముఖం మాత్రం చిన్నబోయింది.

"అన్నకు లేనిది, నాకు లేనిది నీకున్నదన్నట్టు," అన్నాడు. "అన్న ఎంత కుమిలిపోయిండో నువ్వు చూళ్ళేదు. రేపు నువ్వు కేసు గెలిస్తే అన్న ముఖం నేనెట్ల చూడాలె? ఒక్క ఇంట్ల ఉండుకుంట నువ్వొక తీరు, నేనొక తీరు అయితం గద శైలూ."

శైలజకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఆయన దాచుకున్నది పిరికితనం ఒక్కటే అనుకుంది. దాని కింద ఈ నొప్పి కూడా ఉందన్నమాట. ఒక్క క్షణం, ఇది కూడా ఇచ్చేద్దామా అనిపించింది. ఇవ్వడం ఆమెకు బాగా అలవాటైన పని.

"మీకు లేకపోవుడు అన్యాయమే," అంది. "దాని కోసం నువ్వూ బావా ఏ గడప తొక్కినా నీ పక్కన నేనుంట. కానీ నాకున్నది నేను పారేసుకుంటే అది మీకు దొరుకుతదా?"

ఆయన బండి స్టార్టు చేశాడు. "కూసో, ఇంటికి పోదాం," అన్నాడు.

శైలజ కూర్చోలేదు. రోడ్డు దాటి, రైలు స్టేషన్ దిక్కు కాక, పోలీస్ స్టేషన్ దిక్కు నడవడం మొదలుపెట్టింది. వెనక బండి చప్పుడు వినబడుతోంది. దగ్గరికి రాదు, దూరం కాదు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

స్టేషన్లో ఎస్సై ముందు కూర్చోమన్నాడు, తర్వాత రేపు రమ్మన్నాడు. వెంటనే రాసుకోవాలని వకీలమ్మ చెప్పిన మాట చెప్పి శైలజ కూర్చున్న చోటే కూర్చుంది. కాసేపటికి ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. ఆమె తొందరపడకుండా, ఏమీ కలపకుండా, ఏమీ తగ్గించకుండా అన్నీ చెప్పింది. పుష్ప అన్న మాటలు అన్నట్టే చెప్పింది. బట్టల గది సంగతి కూడా చెప్పింది. రాయడం అయ్యాక ఎస్సై కలం ఆపి, కిటికీలోంచి బయటికి ఒకసారి చూసి, ఆమెను చూశాడు. గేటు దగ్గర ఇమ్మానుయేల్ బండి దిగి నిలబడి ఉన్నాడు. లోపలికి రావడం లేదు, వెళ్ళిపోవడమూ లేదు.

"ఇదంత విన్నోళ్ళు ఎవరన్న ఉన్నరా అమ్మా? ఊకె నువ్వొక్కదానివి చెప్తే కాదు."

"ఉన్నరు సార్," అంది శైలజ. "మొదటి పేరు రాసుకోండ్రి. ఇమ్మానుయేల్. నా భర్త. ఆ రోజు అక్కడనే నిలబడి అంత విన్నడు. పిలువుండ్రి, గేటు కాడనే ఉన్నడు."